నాయిన చెప్పిన తీర్పు

ఆ ఎండాకాలం మా ఇంటి మీదికి వచ్చిన రభసంతా ఒక క్యాసెట్టుతో మొదలైంది. నల్ల అట్ట, దాని మీద తుప్పుపట్టిన పళ్లచక్రం బొమ్మ, లోపల ఎవడో తెల్లవాడు గొంతు చించుకుని అరవడం. మా తమ్ముడు శ్రీశైలం వాటిని పాటలు అనేవాడు. కుట్టుమిషను ముందు కూర్చున్న నేను మాత్రం, పాపం ఎవరో వాడి కాలి మీద రోకలి పడేసి ఉంటారు అనుకునేదాన్ని.

అది రెండువేల సంవత్సరం. ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు పక్క గల్లీలో మా రేకుల ఇల్లు. శ్రీశైలం సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాడు. చదువు సంగతి దేవుడెరుగు గానీ, అక్కడి బస్టాండు దగ్గర జహంగీర్ నడిపే క్యాసెట్ల దుకాణంలో మాత్రం వాడి హాజరు ఏనాడూ తప్పలేదు. అక్కడే వీళ్లిద్దరికీ అనిర్బన్ దొరికాడు. కలకత్తా వాళ్ల అబ్బాయి, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు కంపెనీ క్వార్టర్స్‌కు వచ్చాడు. నల్ల అట్ట క్యాసెట్టు తెచ్చింది అతనే. దాన్నుంచి కాపీలు తీసింది జహంగీర్.

ముగ్గురూ చేరేది మా ఇంట్లో. దుకాణంలో ఆ పాటలు పెడితే వచ్చిన గిరాకీ వచ్చినట్టే వెనక్కి పోయేది. క్వార్టర్స్‌లో పెడితే అనిర్బన్ వాళ్ల నాన్నకు బీపీ లేచేది. మా ఇంట్లో అయితే టేపురికార్డరు గుండీ చివరిదాకా తిప్పినా పెద్దమనిషి ఒక్క మాట అనడు.

"నీ నసీబ్ మంచిది భయ్. గిసొంటి నాయిన ఎవ్వల్లకు దొరుకుతడు? మా అబ్బా అయితే టేపు తీస్కపోయి బాయిల పారేస్తుండె" అని జహంగీర్ రోజుకొక్కసారైనా అనేవాడు. శ్రీశైలం నవ్వి ఊరుకునేవాడు. నేను మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేదాన్ని.

మా నాయిన పోచయ్యకు వినబడదు. అసలు సంగతి అది.

ఆయన పనిచేసేది ఫోర్జింగ్ కంపెనీలో, హేమర్ మీద. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మను పట్టకారుతో పట్టుకుని దాని కింద పెడితే, పైనుంచి టన్నుల బరువు వచ్చి పడుతుంది. రోజంతా అదే. ఆ చప్పుడు ఏటా కొంచెం కొంచెంగా ఆయన చెవులను తినేసింది. విడ్డూరం ఏమిటంటే, ఎంత చెవుడున్నా హేమర్ షెడ్డులో బయటపడదు. అక్కడ ఎవరికీ ఎవరి మాటా వినబడదు కాబట్టి అంతా చేతి సైగలతోనే నడుస్తుంది. ఇంట్లో మేం ముఖం ఎదురుగా పెట్టి పెదాలు కదిపి మాట్లాడేవాళ్లం. బయటివాళ్లు వస్తే నేనో అమ్మో పక్కన ఉండి, వాళ్లన్న మాటనే మళ్లీ అన్నట్టు అనేసేవాళ్లం. "ఏందీ, పటాన్‌చెరుకు పోతున్నవా బాబాయ్? నాయినా, పటాన్‌చెరుకు పోతున్నడంట" అని. మేం నలుగురం కలిసి ఆడే ఈ ఆటలో మాకు మంచి పేరే ఉండేది. పోచయ్య మాట తక్కువ మనిషి, నెమ్మదస్తుడు అనేవాళ్లు.

ఆ ఎండాకాలం ఆట ఖరీదు పెరిగింది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లలో కొందరిని కంపెనీ పర్మనెంటు చేస్తుందని తెలిసింది. నాయిన పద్దెనిమిదేళ్ల నుంచి కాంట్రాక్టే. ఈసారి ఆయన పేరు ఖాయమని హేమర్ మీద ఆయన జోడీ లింగం బాబాయి చెప్పాడు. కానీ ముందు డాక్టరు పరీక్ష ఉంటుంది. చెవులు పోయినవాణ్ని హేమర్ మీద ఉంచరు. నెత్తి మీద క్రేను ఇనుప దిమ్మలు మోసుకుపోతూ గంట కొడుతుంది, వినబడి తప్పుకోవాలి కదా. పైగా పర్మనెంటు మనిషికి చెవులు పోయాయంటే కంపెనీ జవాబు చెప్పుకోవాలి.

ఏటా జరిగే పరీక్షను నాయిన దాటేస్తూనే ఉన్నాడు. డాక్టరు చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినబడితే వేలు ఎత్తమంటాడు. అతను మీట నొక్కినప్పుడల్లా మోచెయ్యి కొంచెం కదులుతుంది. నాయిన ఆ మోచెయ్యి చూసి వేలు ఎత్తేవాడు. అన్నిసార్లూ ఎత్తితే అనుమానం వస్తుందని మధ్యమధ్య ఒకటి వదిలేసేవాడట. ఇంటికొచ్చి అదంతా చేసి చూపిస్తుంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం.

"నవ్వుర్రి, నవ్వుర్రి. ఈ ముచ్చట గడప దాటిందో, మన నోట్లె మన్నే" అనేది అమ్మ, తనూ నవ్వుతూనే.

అట్లాంటి ఇంటికి మా వాడు అనిర్బన్‌ను తెచ్చాడు. అనిర్బన్ ఎవరో కాదు, పర్మనెంటు కాగితాల మీద సంతకం పెట్టే దత్తా సారు కొడుకు. ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ చీపురు పట్టుకునే మాట్లాడింది.

"నీకు దునియల ఇంకెవ్వల్లు దొర్కలేదారా? తెచ్చితెచ్చి దత్తా సారు కొడుకును తెచ్చి ఇంట్ల కూసోబెడ్తివి!"

"వాడు పాటల దోస్తమ్మా. నాయినతోని వానికేం పని? నమస్తే పెడ్తడు, కూసుంటడు. అంతే" అన్నాడు శ్రీశైలం.

అదీ నిజమే. ఆ వయసు పిల్లలకు పెద్దవాళ్లు గోడలతో సమానం. అనిర్బన్ నమస్తే పెట్టేవాడు, నాయిన తలూపేవాడు. ఇక ఆ తర్వాత ముగ్గురూ క్యాసెట్టులో పడిపోయేవాళ్లు.

వాళ్ల తగువు ఏమిటో నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఆ క్యాసెట్టు ఇండస్ట్రియల్ సంగీతమా, కాదా? జహంగీర్‌కు అది వ్యాపారం సంగతి. కాపీల మీద చీటీ అతికించాలి, చీటీ మీద ఏదో ఒకటి రాయాలి. కొనేది మొత్తం సంగారెడ్డిలో ముగ్గురు, అందులో ఇద్దరు వీళ్లే.

"లొల్లి పాటలు అని రాయరాదు?" అన్నాను నేను.

"నో దీదీ" అన్నాడు అనిర్బన్, చాలా గంభీరంగా. అతని తెలుగు పుస్తకంలో నేర్చుకున్నట్టు ఉండేది. "అసలైన ఇండస్ట్రియల్ వేరు. ఇంగ్లండులో ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు కొందరు లోపలికి వెళ్లారు. రేకులు కొట్టారు, డ్రిల్లు తిప్పారు, ఆ చప్పుడు టేపులో పట్టారు. దానికి పల్లవి లేదు. అది వింటే మనకు సుఖం కలగకూడదు. ఇందులో గిటారు ఉంది. పల్లవి నాలుగుసార్లు వస్తుంది. మీరు కూడా నిన్న దీన్ని కూనిరాగం తీశారు. ఇది రాక్. పైన మిషను మసాలా చల్లారు."

నేను నాలిక కరుచుకున్నాను. తీసిన మాట నిజమే.

"పల్లవి ఉంటే ఏమైతదిరా?" శ్రీశైలం ఊరుకోలేదు. "ఆ డోలు మనిషి కొడ్తున్నడా? మిషన్ కొడ్తున్నది. ఒక్కతీరుగ, ఆగకుంట, అల్వకుంట. మనిషి దాని కింద పడి ఒర్లుతున్నడు. గదే గద ఇండస్ట్రియల్ అంటే! డబ్బాలు కొట్టుడు కాదు, మిషన్ కింద మనిషి ఎట్లున్నడు అనేది ముఖ్యం."

"ఇద్దరిదీ సహీ బాత్" అన్నాడు జహంగీర్, ఎప్పట్లాగే. "ఆలుగడ్డలు ఏస్తే అది బిర్యానీయా కాదా? మా అమ్మీ కాదంటది. పెడ్తె అందరు తింటరు. ఇగ చీటీ మీద ఏం రాయాల్నో చెప్పుర్రి."

రోజూ ఇదే వరస. గిటారు పాళ్లెంత, మిషను పాళ్లెంత, అరుపు పాళ్లెంత. నాకు నవ్వొచ్చేది. మా గల్లీ వెనక రాత్రీ పగలూ ఉచితంగా మోగేదాన్ని కలకత్తా అబ్బాయితో తెప్పించుకుని, అది అదేనా అని కొట్టుకుంటున్నారు. అయినా మా తమ్ముడు అంత తెలివిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కొంచెం గర్వంగానే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తగువు ముదిరింది. అమ్మ అంగడికి పోయింది. నాయిన గుమ్మం దగ్గర మంచం నవారు బిగిస్తున్నాడు. అనిర్బన్ ఏదో మాటకు, "నువ్వు ఎప్పుడైనా ఫ్యాక్టరీ లోపలికి వెళ్లావా? లేదు కదా. మరి ఫ్యాక్టరీలాగా ఉందని ఎట్లా చెబుతావు?" అన్నాడు.

శ్రీశైలం ముఖం ఎర్రబడింది. అప్పటిదాకా వాడు స్నేహితులకు నాయిన పని సంగతి 'కంపెనీల చేస్తడు' అని మాత్రమే చెప్పాడు. ఆ రోజు రోషం వచ్చింది. "మా నాయిన హేమర్ మీద చేస్తడ్రా. నేను పుట్టినకాంచి ఆ చప్పుడు ఇనుకుంటనే పండుకున్న. మీ డాడీ లెక్క ఏసీల కూసోలే మేము" అన్నాడు.

"అరె, గింత దూరం ఎందుకు?" జహంగీర్ చిటిక వేశాడు. "హేమర్ మనిషి ఇంట్లనే ఉండె. చాచాను అడుగుదాం. చాచా ఏమంటే అది. చీటీ మీద గదే రాస్త."

ముగ్గురూ ఒక్కసారి తన వైపు తిరగడం చూసి నాయిన చెయ్యి ఆపాడు. నేను వంటగది గుమ్మంలో నిలబడి వద్దు వద్దని శ్రీశైలానికి కళ్లతో చెప్పాను. వాడు నా వైపు చూడలేదు. పోయి నాయిన ముందు కూర్చుని, ముఖం ఎదురుగా పెట్టి, పెదాలు కదిపి అడిగాడు.

"నాయినా, ఈ పాట ఇని చెప్పు. మీ షెడ్డు లెక్క ఉన్నదా, లేదా?"

నాకు పాటలు తెల్వయి బిడ్డా అంటే అయిపోయేది. నాయిన అట్లా అనలేదు. స్నేహితుల ముందు కొడుకు తనను ఒక మాట అడగడం అదే మొదటిసారి. ఆయన ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. చేతులు తుడుచుకుని, పంచాయతీకి పిలిచిన పెద్దమనిషిలా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టుర్రి. ఇందాం" అన్నాడు.

మొదటి పాట గండం గడిచింది. నాయిన టేపురికార్డరు పెట్టిన స్టూలు మీద అలవోకగా అరచెయ్యి ఆనించాడు. ఊగే జహంగీర్ మోకాలినీ, అనిర్బన్ మెడనూ, స్పీకరు మీది గుడ్డ అదరడాన్నీ ఓరకంట చూశాడు. సరిగ్గా డోలు పడ్డచోట తలూపాడు. గిటారు వచ్చి అందరి తలలూ ఊగినప్పుడు, "ఇది గాదు. ఇది బైటి చప్పుడు. ఇందాకటిదే మాది" అని కూడా అన్నాడు. శ్రీశైలం పొంగిపోయి అనిర్బన్‌ను చూశాడు. నాకూ గుండె కుదుటపడింది. ఆ విద్యలో మా నాయినను మించినవాడు లేడు. నిమ్మకాయ షర్బత్ కలుపుదామని లోపలికి పోయాను.

నేను గ్లాసులతో వచ్చేసరికి అనిర్బన్ అంటున్నాడు. "మేము తల ఊపితే అంకుల్ కూడా ఊపుతున్నారు. అట్లా కాదు. కళ్లు మూసుకుని వినాలి. సంగీతం అట్లాగే వినాలి."

అతను కల్మషం లేకుండానే అన్నాడు. ఆ పిల్లలు వినేది అట్లాగే, గంటలకొద్దీ, కళ్లు మూసుకుని. జహంగీర్ తన కళ్లు మూసి చూపించి, "గిట్ల, చాచా, గిట్ల" అన్నాడు. స్టూలు మీది టేపురికార్డరు తీసి తన ఒళ్లో పెట్టుకుని, చెవికి అందుతుందని నాయినకు దగ్గరగా జరిగాడు. ఆయన అరచేతి కింద ఉత్త స్టూలు మిగిలింది.

శ్రీశైలానికి అప్పుడు తెలిసింది. వాడు ఆ స్టూలును చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. చాలురా, ఇక చాలు అనొచ్చు. కానీ వాడు గెలుస్తున్నాడు.

నాయిన కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద అరచేత్తో వాయించడం మొదలుపెట్టాడు. ఇందాక స్టూలులోంచి అందిన లెక్క ఆయనకు గుర్తుంది. పాట డోలుకూ ఆయన చేతికీ కొంతసేపు కుదిరింది కూడా. అనిర్బన్ ముందుకు వంగి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

కరెంటు పోయింది.

ఎండాకాలం మధ్యాహ్నం మా గల్లీలో కరెంటు పోవడం వింత కాదు. తెల్లవాడి గొంతు బరువెక్కి, సాగి, ఆగిపోయింది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడ్డాయి. హైవే మీద ఒక లారీ పోయిన చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. నాయిన మాత్రం మోకాలి మీద కొడుతూనే ఉన్నాడు. ఒక్కతీరుగా, ఆగకుండా. పెదాల మీద చిన్న నవ్వు.

శ్రీశైలం ఆయన పక్కనే ఉన్నాడు. ఒక వేలితో తాకితే చాలు. వాడి చెయ్యి సగం దాకా లేచింది, మళ్లీ తన ఒళ్లోకి పోయింది. నా చేతుల్లో గ్లాసుల పళ్లెం. దాన్ని నేల మీద పెట్టడానికి నేను వంగేలోపు నాయిన గట్టిగా అన్నాడు.

"అగో! ఇప్పుడొచ్చింది సూడు! గిదే మా షెడ్డు. అచ్చం గిదే. ఇగ దీంట్ల అనుమానమే లేదు."

జహంగీర్ నవ్వాడు, హాస్యమనుకున్నాడు పాపం. ఆ నవ్వు సగంలో తెగిపోయింది.

గాలి లేక చెమట పట్టింది కాబోలు, నాయిన మెడ తుడుచుకుంటూ కళ్లు తెరిచాడు. ముందు ఫ్యాను చూశాడు. తర్వాత టేపురికార్డరు మీద ఆరిపోయిన ఎర్రదీపం చూశాడు. ఆ తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరిని చూశాడు. చెయ్యి మోకాలి మీంచి తీసేశాడు.

"కరెంటు పోయినట్టుంది" అని లేచి, నవారు ఉండ తీసుకుని బయట ఎండలోకి పోయాడు.

అనిర్బన్ షర్బత్ మొత్తం తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి పోయాడు.

అంగడి నుంచి వచ్చిన అమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె శ్రీశైలాన్ని కొట్టలేదు. "పాటలు గావాల్నారా నీకు, పాటలు" అని, కూరగాయల సంచి అక్కడే వదిలేసి గోడకు ఆనుకుని కూర్చుంది. వాడు ఆ సాయంత్రమే క్వార్టర్స్‌కు పోయి అనిర్బన్ చేతులు పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పనని అతను తల్లి మీద ఒట్టు పెట్టాడట. "ఒట్లకేంది, గాలికి పోతయి" అంది అమ్మ. ఆ రోజు నుంచి మా ఇంట్లో టేపు మోగలేదు. ఆ క్యాసెట్టు ఇండస్ట్రియలో కాదో కూడా మళ్లీ ఎవరూ అడగలేదు.

నాయినతో ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కానీ ఒక మధ్యాహ్నం నేను సద్ది టిఫిను ఇవ్వడానికి కంపెనీ గేటుకు పోతే, అనిర్బన్ అక్కడ స్కూటరు ఆపి నాయిన ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముఖం దగ్గరగా పెట్టి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క అక్షరం విడదీసి, "అం-కుల్, బా-గు-న్నా-రా" అంటున్నాడు. చేతులతో సైగలు కూడా చేస్తున్నాడు. ఎంత ప్రేమగా చేస్తున్నాడో చూస్తే తెలుస్తుంది. గేటు వాచ్‌మన్ చూస్తున్నాడు. బీడీలు కాల్చుకునే హేమర్ మనుషులు చూస్తున్నారు. నాయిన అతనికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం టిఫినులో అన్నం ఎట్లా పెట్టింది అట్లాగే తిరిగి వచ్చింది.

జూన్‌లో, మొదటి వాన ఇంకా పడకముందు, డాక్టరు పరీక్ష అయింది. "ఎట్లయింది?" అని అమ్మ అడిగితే నాయిన తలూపాడు. ఈసారి ఏదీ చేసి చూపించలేదు. నాలుగు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం లింగం బాబాయి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నా పేరు వచ్చింది వదినా. అన్న పేరు రాలే. రేపటికాంచి అన్నను స్క్రాప్ యార్డుల ఏస్తరంట. చెవులు లెవ్వని రాసిర్రంట."

అమ్మ కొంగు నడుముకు చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కింది. శ్రీశైలం ఆమెను దాటుకుని పరుగెత్తాడు. నేను వెనకాల.

క్వార్టర్స్ ముందు అమ్మ నిలబడి దుమ్మెత్తిపోసింది. నిజంగానే రెండు చేతులతో దుమ్ము తీసి గుమ్మంలోకి పోసింది. "మా ఇంట్ల తిని, మా ఇంట్ల తాగి, మా నోట్లె మన్ను గొడ్తిరి గదా! మీ కొడుకు నోరు పడిపోను! మీ ఇంట్ల దీపం ఆరిపోను!" మేడల మీద ఆఫీసర్ల భార్యలు వచ్చి నిలబడ్డారు. అనిర్బన్ వాళ్లమ్మ తలుపు తీసింది. ఆమెకు తెలుగు రాదు. ఎండన పడి వచ్చిన మనిషి ఏదో ఆపదలో ఉందనుకుంది. లోపలికి పోయి గాజుగ్లాసులో నీళ్లు తెచ్చి, "పానీ, బెహెన్‌జీ, పెహలే పానీ" అని అందించింది. అమ్మ ఆ గ్లాసు తీసి నేలకు కొట్టింది.

అనిర్బన్ వెనక నుంచి వచ్చాడు. శ్రీశైలం అతని చెంప మీద కొట్టాడు. అందరూ చూస్తుండగా, రెండుసార్లు.

"మైనే కుఛ్ నహీ బోలా యార్" అన్నాడు అనిర్బన్. చెంప కూడా పట్టుకోలేదు.

"నువ్వు చెప్పకుంటె ఇంకెవ్వడు చెప్పిండురా? మీ క్వార్టర్స్‌ల ఇంకెవ్వనికి ఎరుక?"

అనిర్బన్ వంగి, తల్లి కాళ్ల దగ్గర పడ్డ గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు. మేం అతన్ని చూడటం అదే ఆఖరు, మర్నాటికే హైదరాబాదుకు వెళ్లిపోయాడట. తిరిగి వచ్చేటప్పుడు అమ్మది గెలిచిన మనిషి నడక. నాదీ అంతే, దాచడం దేనికి. ఆ గెలుపు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు నాకు.

సాయంత్రం చల్లబడ్డాక గల్లీ అంతా బయట మంచాల మీదే ఉంటుంది. ఆ రోజైతే మా ఇంటి కబురు కోసం ఇంకో పదిమంది ఎక్కువే ఉన్నారు. నాయిన డ్యూటీ నుంచి వచ్చాడు. చౌరస్తాలో లింగం బాబాయి క్వార్టర్స్ సంగతి సైగలతో చెప్పాడట. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా ఇంట్లోకి వచ్చి, రేకు తలుపు దగ్గరికి వేసి, మమ్మల్ని దగ్గరగా కూర్చోబెట్టాడు. తనూ గొంతుకూర్చుని, తల ముందుకు వంచి, రహస్యం చెప్పేవాడిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ పిలగాడు ఏం జెప్పలే" అన్నాడు.

గుసగుసగా అంటున్నాననే అనుకున్నాడు. హేమర్ చప్పుడును కూడా మించే గొంతు అది. బయట మంచాల మీది మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"దత్తా సారుకు గూడ ఏం ఎరుక లేదు. నేనే. డాక్టరు చెవులకు డబ్బాలు పెట్టిండు. ఎప్పటి లెక్కనే ఆయన చెయ్యి సూడాలె. సూడబుద్ధి గాలే. అందరికి తెల్వనన్ని దినాలు అది నా ఉషారుతనం అనుకున్న. పోరగాండ్లు సూసినంక సిగ్గయ్యింది. గేటు కాడ ఆ పిలగాడు నన్ను చిన్నపిల్లగాన్ని బుజ్జగిచ్చినట్టు మాట్లాడబట్టె. అండ్లకెల్లి సిగ్గు ఇంకింత అయ్యింది."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. నాయిన ఆగలేదు.

"కండ్లు మూసుకున్న. అసలుకు నాకు ఎంత ఇనస్తదో నాకే తెల్వదాయె. ఒక్కపారి సూద్దామనుకున్న. కూసున్న. ఇగ షురువైతది, ఇగ షురువైతది అనుకుంట కూసున్న. డాక్టరు భుజం పట్టి ఊపిండు. ఎప్పుడో అయిపోయిందంట."

శ్రీశైలం తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నాయిన వాడి గడ్డం పట్టుకుని పైకెత్తాడు, వాడి పెదాలు తనకు కనబడాలి కదా.

"రేపు పోయి ఆ పిలగాన్ని మాఫీ అడుగు. మీ అమ్మను గూడ తీస్కపో. ఇగ నాకొక్కటి చెప్పు. అబద్ధం చెప్పకు బిడ్డా. ఆ దినం కరెంటు పోయినంక, నేను ఎంతసేపు కొట్టిన్రా?"

నాకు ఆయన నోరు మూయాలనిపించింది, గట్టిగా చేతులతో. ముగ్గురిలో ఏ ఒక్కరమూ కదలలేదు. మెల్లగా మాట్లాడు నాయినా అని ఆ క్షణంలో ఆయనకు ఎవరు చెప్పగలరు? చెబితే ఇప్పటిదాకా అన్నదంతా ఎవరెవరు విన్నారో కూడా చెప్పాలి.

"జెరంత సేపే నాయినా" అన్నాడు శ్రీశైలం. గొంతు రాలేదు, పెదాలు మాత్రం కదిలాయి. నాయినకు అది చాలు.

ఆయన వాడి నోటిని చాలాసేపు చూశాడు. "నువ్వు నా పక్కకే కూసున్నవు గదరా" అన్నాడు. అమ్మ భుజాలు అదరడం చూసి, ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏడ్వకే. మెల్లగ. గల్లీల ఇనవడ్తది. ఈ ముచ్చట మన నలుగురి నడుమనే ఉండాలె" అన్నాడు, గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడేటట్టు.

తలుపు సందులోంచి నాకు ఎదురింటి బక్కమ్మ కనబడుతూ ఉంది. ఎవరింట్లో ఏ ముచ్చట జరిగినా తెల్లారేసరికి చౌరస్తాకు చేర్చే మనిషి. ఆమె మంచం మీంచి లేచి, మనవళ్లను రెక్క పట్టుకుని లోపలికి తోలి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. ఆ పక్కవాళ్లు కూడా లేచారు.